పీడీఓ చాలాకాలం వాడాక: సేవ్ కాకపోయినా ‘ధన్యవాదాలు’ చెప్పే ఫారం

వెబ్ ఫారంలో జనం నింపిన వివరాలను పీహెచ్‌పీ కోడుతో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కించేవాళ్లకు పీడీఓ (పీహెచ్‌పీని డేటాబేస్‌తో మాట్లాడించే సాధనం) అంటే ఏమిటో, ఇన్సర్ట్ క్వెరీ ఎలా రాయాలో చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ల వాడకంలో నాకు దాని మీద మిగిలిన కోపం ఒక్కటే. పీహెచ్‌పీ 8.0 వెర్షన్‌కు ముందు, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప, క్వెరీ ఫెయిలైన సంగతి అది నోరు విప్పి చెప్పేది కాదు. క్వెరీని నడిపే ఎగ్జిక్యూట్ ఫంక్షన్ ‘ఫాల్స్’ (కాలేదు) అని ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఫాల్స్‌ను ఎవరూ పట్టించుకోకపోతే కింది లైను మామూలుగా నడిచిపోతుంది. ఆ కింది లైను ఎక్కువగా ‘మీ వివరాలు అందాయి, ధన్యవాదాలు’ అనే పేజీకి పంపేదే అయి ఉంటుంది. నింపినవాళ్లు నిశ్చింతగా వెళ్లిపోతారు, టేబుల్‌లో మాత్రం ఏమీ ఉండదు.

తెలుగు ఫారాలకు ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో వివరంగా చెప్పాలి. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ పేరుతో చాలాకాలంగా ఉన్న క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో అక్షరానికి 3 బైట్లకు మించి పట్టదు. తెలుగు యూనికోడ్ అక్షరాలన్నీ సరిగ్గా 3 బైట్లే. అందుకే పేర్లు, ఊర్లు, పేరాలకు పేరాలు తెలుగులో పెట్టి ఎంత పరీక్షించినా ఫారం నెగ్గుతుంది. తర్వాత ఎవరో ఫోన్‌లో సందేశం రాసి, చివర దండం పెట్టే ఎమోజీ తగిలిస్తారు. అది 4 బైట్లు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ (సరిపడని డేటాను తిరస్కరించే సెట్టింగ్) మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది కాబట్టి, 1366 నంబరు ఎర్రర్‌తో మొత్తం రికార్డునే తోసిపుచ్చుతుంది. పీడీఓ పలకదు. మర్యాదగా దండం పెట్టి ముగించినవాళ్ల సందేశాలే పోతాయి.

స్ట్రిక్ట్ మోడ్ లేని పాత సర్వర్లలో ఇంకా అన్యాయం. కనెక్షన్, టేబుల్ రెండూ ఆ పాత యూటీఎఫ్8లోనే ఉంటే, ఎమోజీ దగ్గర సందేశం తెగిపోయి ముందున్న ముక్క మాత్రం సేవ్ అవుతుంది. మొదట్లోనే ‘నమస్తే’ అని ఎమోజీ పెట్టినవారి ఫిర్యాదులో ఆ ‘నమస్తే’ ఒక్కటే మిగులుతుంది. రికార్డు ఉంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. ఫారం వివరాలు ఈమెయిల్‌గా కూడా వెళ్లేట్టు పెట్టుకున్నచోట మాత్రం, మెయిల్‌నూ టేబుల్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడుతుంది.

మందు తెలిసిందే, కానీ సగం సగం వేస్తే పనిచేయదు. కనెక్షన్ స్ట్రింగ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (4 బైట్ల అక్షరాలనూ పట్టేది) అని ఉండాలి, టేబుల్ కూడా దానికి మారాలి. టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశంలో ‘డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్’ ఒక్కటే మారిస్తే ఉన్న కాలమ్‌లు పాతవాటిలాగే ఉండిపోతాయి, కొత్తగా చేర్చేవాటికే అది వర్తిస్తుంది. ‘కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్’ అనే రాయాలి. ముందు బ్యాకప్ తీసుకోండి. టెక్స్ట్ కాలమ్ మీడియంటెక్స్ట్‌గా మారి కనిపిస్తే కంగారు పడొద్దు, పాత పొడవు తగ్గకుండా మైఎస్‌క్యూఎల్ తీసుకునే జాగ్రత్త అది. పాత సర్వర్లలో ‘కీ మరీ పొడవుగా ఉంది’ అనే 1071 ఎర్రర్ రావచ్చు. అక్కడ ఇండెక్స్ (వేగంగా వెతకడానికి కాలమ్ మీద కట్టే సూచిక) హద్దు 767 బైట్లు. 255 అక్షరాల ఈమెయిల్ కాలమ్ 3 బైట్ల లెక్కన 765 అయి ఇమిడేది, 4 బైట్ల లెక్కన 1020 అవుతుంది. అందుకే అందరూ 191 అని పెట్టేవారు. ఇప్పటి ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్‌లో) డైనమిక్ రో ఫార్మాట్ ఉంటే హద్దు 3072, ఆ బాధ లేదు.

అన్నిటికన్నా ముందు, కనెక్ట్ కాగానే ఎర్రర్ మోడ్‌ను ఎక్సెప్షన్‌కు (తప్పు జరిగితే కోడును అక్కడే ఆపి చెప్పే పద్ధతికి) మార్చే ఆ ఒక్క లైను రాయాలి. పీహెచ్‌పీ 8.0 నుంచి అదే డిఫాల్ట్, అయినా నేను ఇప్పటికీ రాస్తాను, ఎందుకంటే కోడు రేపు ఏ పాత హోస్టింగ్‌కు వెళ్తుందో తెలియదు. ఎక్సెప్షన్‌ను పట్టుకుని వివరాలు లాగ్‌లో రాయాలి, తెర మీద చూపకూడదు. నింపినవాళ్లకు ‘సేవ్ కాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని చెబుతూ, వాళ్లు రాసింది పెట్టెల్లో అలాగే ఉంచాలి. నాలుగు పేరాలు తెలుగులో టైపు చేసినవారికి ఖాళీ ఫారం తిప్పి చూపించడం చాలా పెద్ద తప్పు.

ఎర్రర్లు పలకడం మొదలయ్యాక ఊహించని లాభం ఒకటి దొరికింది. నెట్ మందంగా ఉంటే జనం బటన్ రెండుసార్లు నొక్కుతారు, రెండు రికార్డులు పడతాయి. ఫారంలో దాగి ఉండే ఒక యాదృచ్ఛిక టోకెన్ పెట్టి, టేబుల్‌లో ఆ కాలమ్‌ను యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు పడకుండా) చేస్తే రెండోసారి 1062 ఎర్రర్ వస్తుంది. ఆ టోకెన్‌ది అయితే మాత్రం దాన్ని విజయంగానే లెక్కేసి ధన్యవాదాల పేజీకి పంపేయవచ్చు. ముందే సెలెక్ట్ చేసి వెతకడం కంటే ఇదే నమ్మకమైనది. ఒకే క్షణంలో వచ్చిన రెండు రిక్వెస్టులు ఆ వెతుకులాటను తప్పించుకోగలవు, యూనిక్ ఇండెక్స్‌ను తప్పించుకోలేవు.

ఇక ప్లేస్‌హోల్డర్లు, అంటే క్వెరీలో విలువల చోట పెట్టే గుర్తులు. పీడీఓలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే, కొటేషన్ గుర్తుల బెంగ తీరిపోతుంది. అయితే అవి కాపాడేది క్వెరీని మాత్రమే. సందేశంలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ పెడితే అది భద్రంగా సేవ్ అవుతుంది, అడ్మిన్ పేజీలో చూపేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (ట్యాగులను మామూలు అక్షరాలుగా మార్చే ఫంక్షన్) వేయకపోతే అక్కడ నడుస్తుంది. టేబుల్ పేరుకీ, ఆర్డర్ బైలో కాలమ్ పేరుకీ ప్లేస్‌హోల్డర్ పనికిరాదు. ఎమ్యులేషన్ (ప్లేస్‌హోల్డర్లలో విలువలను పీడీఓయే నింపి పంపే పద్ధతి) ఆన్‌లో ఉండగా లిమిట్ విలువను ఎగ్జిక్యూట్ అర్రేలో ఇస్తే కొటేషన్ల మధ్య పడి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. పొడవు చూసే బాధ్యత కూడా మనదే: ‘శ్రీనివాస్’ అనే పేరుకు ఎస్‌టీఆర్‌లెన్ బైట్లు లెక్కపెట్టి 30 అంటుంది, ఎంబీ‌ఎస్‌టీఆర్‌లెన్ అక్షర సంకేతాలు లెక్కపెట్టి 10 అంటుంది. వార్‌చార్ కాలమ్ పొడవు లెక్క రెండోదే.

నేను చేసేవి చిన్న పనులు: వర్క్‌షాప్ నమోదులు, అభిప్రాయ సేకరణ, షేర్డ్ హోస్టింగ్ మీద నడిచే ఫారాలు. వాటికి పై రెండు సెట్టింగులు (క్యారెక్టర్ సెట్, ఎర్రర్ మోడ్) పెట్టుకున్నంత వరకు పీడీఓ వదిలి ఇంకోదానికి వెళ్లాలని నాకనిపించలేదు. లారావెల్ లాంటి పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ వాడే బృందంలో ఉంటే నేరుగా దీన్ని ముట్టుకునే పని తక్కువే, కింద నడిచేది మాత్రం ఇదే. పీహెచ్‌పీ 7.4 మీదే ఆగిపోయిన పాత ఫారం ఎవరి చేతిలోనైనా ఉంటే, వెర్షన్ మార్చేలోపు పరీక్షగా సందేశం చివర ఒక ఎమోజీ పెట్టి పంపి, టేబుల్ తెరిచి చూడండి.