పాస్‌బుక్కులో గ్రాముల గడి ఖాళీగా ఉందా? బంగారం స్కీము కట్టేవారికి ఒక హెచ్చరిక

హైదరాబాద్‌లో వనస్థలిపురం, బి.ఎన్. రెడ్డి నగర్, హయత్‌నగర్ పరిసరాలలోని నగల దుకాణాలలో నెలవారీ బంగారం స్కీము కడుతున్నవారికీ, కొత్తగా చేరాలనుకుంటున్నవారికీ తెలియాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. నెలకు 10,000 రూపాయల చొప్పున పదకొండు నెలలు కట్టి, నాకు వస్తుందని నమ్మినదానికన్నా సుమారు 2.8 గ్రాముల బంగారం తక్కువ తెచ్చుకున్నాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. నేను పెట్టిన ఫిర్యాదు ఇంకా నడుస్తూ ఉండడం అందుకు ఒక కారణమైతే, ఆ తరువాత మా వీధిలో నలుగురి పాస్‌బుక్కులు చూసినప్పుడు ఇటువంటి షరతులు ఒక్క దుకాణానికే పరిమితం కావని అర్థం కావడం మరో కారణం.

2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వారంలో 22 క్యారెట్ల బంగారం గ్రాము ధర 6,400 రూపాయల చుట్టూ దిగింది. మా అమ్మాయి ఓణీల వేడుక మరుసటి వేసవి చివర చేయాలని అప్పటికే అనుకుని ఉన్నాం కనుక, ధర తక్కువగా ఉన్నప్పుడే కొంచెం కొంచెంగా కూడబెట్టుకుంటే మంచిదని నేనూ నా భార్యా ఆ దుకాణానికి వెళ్ళాం. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీరు కట్టిన రోజు రేటుకే గోల్డ్ బుక్ అయిపోతుంది ఆంటీ, రేపు రేటు పెరిగినా మీకు టెన్షన్ లేదు" అని చెప్పింది. పదకొండు వాయిదాలు మనవి, పన్నెండోది దుకాణం వారిది. ఆ రోజే మొదటి వాయిదా కట్టి, మెరిసే అట్ట ఉన్న పాస్‌బుక్కు తీసుకుని ఇంటికి వచ్చాం.

ఆ పాస్‌బుక్కులో తేదీ, రసీదు నంబరు, మొత్తం, బరువు, సంతకం అని అయిదు గడులు ఉన్నాయి. పదకొండు నెలలూ బరువు గడిలో ఒక అడ్డగీత మాత్రమే పడుతూ వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా లెక్కల విభాగంలో పనిచేస్తూ, ఇతరుల రిజిస్టర్లలో ఖాళీ గడి కనిపిస్తే వెంటనే ఎర్రసిరాతో సున్నా చుట్టే అలవాటున్న నేను, నా సొంత డబ్బు విషయంలో ఆ గీతను పదకొండుసార్లు చూసి కూడా ఒక్కసారీ అడగలేదు. అది నా తప్పే.

2025 జూన్ రెండో వారంలో నగ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు గ్రాము ధర 9,050 రూపాయలుగా ఉంది. మేము రాళ్ళు పొదిగిన ఒక నెక్లెసు ఎంచుకున్న తరువాత మేనేజరు లెక్క వేస్తూ, మా 1,10,000 రూపాయలను ఆ రోజు ధరతో భాగించారు. 12.15 గ్రాములు వచ్చాయి. ప్రతి నెలా కట్టిన రోజు ధరకే బంగారం జమ అవుతుందని చెప్పారు కదా అని నేను అడిగితే, ఆయన నా పాస్‌బుక్కునే తిరగేసి, వెనుక అట్ట లోపలివైపు చీమ తలకాయలంత అక్షరాలతో ఇంగ్లీషులో అచ్చువేసిన తొమ్మిదో షరతు చూపించారు. వాయిదాలు రూపాయలలోనే జమ అవుతాయని, నగ కొన్న రోజు ధరే వర్తిస్తుందని అందులో ఉంది. "అది వెయిట్ స్కీము సార్, మీది క్యాష్ స్కీము" అన్నారు. అక్కడ రెండు రకాల స్కీములు ఉన్నాయన్న మాట మేము వినడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చాక ఆ పదకొండు రోజుల ధరలు వెతికి నేనే లెక్క వేసుకున్నాను. ఏ నెలకు ఆ నెల బరువుగా జమ చేసి ఉంటే దాదాపు 15 గ్రాములు అయ్యేది. తేడా విలువ పాతికవేల రూపాయలు. ధరలు పడిపోతున్న కాలంలో రూపాయల స్కీమే కొనుగోలుదారుకు లాభమన్నది నిజమే కనుక, ఆ స్కీము ఉండడాన్ని నేను మోసం అనడం లేదు. ఒకటి చెప్పి మరొకదానిలో చేర్చుకోవడాన్నే తప్పుపడుతున్నాను. మా ఎదురింటివారు మరో దుకాణంలో కట్టిన స్కీములో ప్రతి నెలా మిల్లీగ్రాములతో సహా బరువు రాసి ముద్ర వేశారు, చివరకు ఆ బరువుకు సరిపడా నగ కూడా ఇచ్చారు. అంటే సక్రమంగా చేసేవారూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ఇక దుకాణం వారు కడతామన్న పన్నెండో వాయిదా సంగతి. మా గడువు ప్రతి నెలా 15వ తేదీ. జనవరిలో సంక్రాంతికి సూర్యాపేట దగ్గర మా ఊరికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో విజయవాడ రహదారి మీద వాహనాల రద్దీ ఎలా ఉంటుందో తెలిసిందే కనుక రెండు రోజులు ఆగి బయలుదేరి, 18వ తేదీన కట్టాం. "పండగ కదా అంకుల్, ఏం కాదు" అని కౌంటరులోని అమ్మాయి నవ్వుతూ రసీదు ఇచ్చింది. జూన్‌లో మాత్రం ఆ మూడు రోజుల ఆలస్యం కారణంగా 10,000 రూపాయల బోనస్ మొత్తం రద్దయిందని చెప్పారు. ఆ షరతు కూడా అదే వెనుక అట్ట మీద ఉంది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టదలచుకోలేదు. నెలకు ఇంతమందిని చేర్పించాలని పైనుంచి ఒత్తిడి ఉంటుందని ఆమే ఒకసారి చెప్పింది, అసలు షరతులు తనకు కూడా ఎవరూ చదివి వినిపించి ఉండరు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది తరుగు లెక్క. నెక్లెసు మొత్తం బరువు 16.420 గ్రాములు, రాళ్ళు తీసేస్తే నికర బంగారం 14.100 గ్రాములు. బంగారం ధరను నికర బరువు మీదే వేశారు. రాళ్ళకు విడిగా 4,800 రూపాయలు వేశారు. ఇంతవరకు సబబుగానే ఉంది. కానీ 16 శాతం తరుగును మాత్రం మొత్తం బరువు మీద, అంటే రాళ్ళ బరువును కూడా కలిపి లెక్కగట్టారు. కంసాలి బంగారాన్ని కరిగించి, సాగదీసి, అరగదీసినప్పుడు కొంత పొడిగా పోతుంది కనుక ఆ నష్టానికి తరుగు అని పేరు వచ్చింది; అంగట్లో కొని తెచ్చి అతికించిన రాయిలో బంగారం ఎలా తరుగుతుందో మేనేజరును అడిగితే, "మా దగ్గర సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అన్నారు. ఆ ఒక్క మెలికలో 3,359 రూపాయలు, దానిపై 3 శాతం జీఎస్టీ అదనంగా పోయాయి. ఈమధ్య చాలా దుకాణాలలో తరుగు, మజూరీ అనే మాటలకు బదులు రెండూ కలిపి వీఏ (వాల్యూ యాడిషన్) అని ఒకే శాతం చెబుతున్నారు. ఆ శాతం ఎంత అని అందరం అడుగుతాం, తగ్గించమని బేరం కూడా చేస్తాం. ఏ బరువు మీద అని అడిగేవారే తక్కువ.

చెల్లింపు సమయంలో మొదట మా చేతికి ఇచ్చింది ఎస్టిమేట్ అని రాసి ఉన్న తెల్ల చీటీ మాత్రమే. అసలు బిల్లు కావాలంటే, "బిల్లు వేస్తే జీఎస్టీ పడుతుంది సార్, మీ ఇష్టం" అన్నారు. పట్టుబట్టి తీసుకున్నాం. ఆ రోజు మేము చేసిన పనుల్లో తెలివైనది అదొక్కటే. చీటీతో ఇంటికి వచ్చి ఉంటే తరుగు ఏ బరువు మీద వేశారో రుజువు చేయడానికి నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు. స్వచ్ఛతకు గుర్తుగా హాల్‌మార్క్ ముద్ర ఉన్న నగ అమ్మినప్పుడు ఇచ్చే బిల్లులో వస్తువు వివరం, నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్కింగ్ రుసుము విడివిడిగా ఉండాలి. ఆ రుసుము కూడా వస్తువుకు 45 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. బిల్లు చేతికి వచ్చాక మరో సంగతి గమనించాను. దానిమీద ఉన్న సంస్థ పేరు, పాస్‌బుక్కు మీద ఉన్న పేరు ఒకటి కాదు. పాస్‌బుక్కు మీద జీఎస్టీ నంబరు కూడా లేదు. పదకొండు నెలలు మేము డబ్బు కట్టింది ఒకరికి, నగ కొన్నది మరొకరి దగ్గర అన్నమాట.

నగ నాణ్యత విషయంలో మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదని న్యాయంగా చెప్పాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, తప్పనిసరి. దుకాణంలో పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంచాలన్నది కూడా నిబంధనే కనుక అడిగితే ఇచ్చారు. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఫోనులో కొట్టి చూస్తే వస్తువు రకం, స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం వివరాలు సరిపోయాయి. యాప్‌లో స్వచ్ఛతతోపాటు వస్తువు రకాన్ని కూడా తప్పక చూడండి. చేతిలో ఉన్నది నెక్లెసు అయితే అక్కడ ఉంగరం అని రాకూడదు. అనుమానం ఉంటే గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రంలో మనమే పరీక్ష చేయించుకోవచ్చు, నాలుగు వస్తువుల వరకు రుసుము 200 రూపాయలు. స్వచ్ఛత తగ్గినట్టు తేలితే ఆ తేడాకు రెట్టింపు పరిహారం ఇవ్వాలని బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి.

ఈ స్కీములు పదకొండు నెలలకే ఎందుకు ముగుస్తాయో కూడా ఈ తిరుగుడులోనే తెలిసింది. కంపెనీల డిపాజిట్ల నియమాలు, 2014 ప్రకారం సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజులలోపు సరుకు ఇచ్చేస్తే అది డిపాజిట్ కిందికి రాదు. అందుకే ఏడాది నిండకముందే నగ తీసుకోమంటారు, నగదు తిరిగి ఇవ్వరు. మనం కట్టేది చట్టం దృష్టిలో పొదుపు కాదు, అడ్వాన్సు. బ్యాంకులో అయితే 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్‌కు బీమా ఉంటుంది. ఇక్కడ దుకాణం మూతపడితే మన చేతిలో మిగిలేది పాస్‌బుక్కే. పాస్‌బుక్కు అన్న పేరు, ముద్రలు, వాయిదాలు చూసి బ్యాంకు ఖాతా అని మనం పొరబడుతున్నాం, ఆ పొరపాటును సరిదిద్దవలసిన అవసరం వారికేమీ లేదు.

జూన్ చివర జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు, పాస్‌బుక్కు అన్ని పేజీలు, వెనుక అట్టతో సహా ఫోటోలు తీసి పంపమన్నారు. రెండు వారాలలోపే దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. తరుగును నికర బరువు మీద తిరిగి లెక్కించి, జీఎస్టీతో కలిపి 3,460 రూపాయలు వెనక్కి ఇచ్చారు. బోనస్‌లో సగం "మంచిగా" ఇస్తామన్నారు, నేను ఇంకా ఒప్పుకోలేదు. గ్రాముల తేడా విషయంలో మాత్రం షరతు అచ్చులో ఉందన్న మాట దగ్గరే ఆగిపోయారు. నోటిమాటకు సాక్ష్యం లేకపోవడం ఎంత నష్టమో అప్పుడే తెలిసింది. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలనుకుంటున్నాను. దుకాణం ఎక్కడున్నా మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళ వ్యవధి ఉంది.

ఇప్పటికే కడుతున్నవారికి నా విన్నపం ఒక్కటే. తరువాతి వాయిదా కట్టే ముందు, పాత గడులన్నిటిలో బరువు రాసి ముద్ర వేయమని అడగండి. రాయకపోతే అది ఏ రకం స్కీమో పాస్‌బుక్కు మీదే రాసి సంతకం పెట్టమనండి. ఆలస్యంగా కట్టిన వాయిదా ఏదైనా ఉంటే బోనస్ ఉందో పోయిందో కూడా అక్కడే రాయించుకోండి. జవాబు నోటితో చెబితే, అదే ప్రశ్నను వారి వాట్సాప్ నంబరుకు పంపి జవాబు అక్కడ ఇమ్మనండి.

మా మరదలు అదే దుకాణంలో జనవరి నుంచి నెలకు 5,000 కడుతోంది. మొన్న ఏడో వాయిదాకు నేను కూడా తోడు వెళ్ళి బరువు రాయమని అడిగితే, ఒకరినొకరు చూసుకుని, పది నిమిషాలు లోపలికి వెళ్ళి వచ్చి, చివరకు మొదటి పేజీ మీద క్యాష్ స్కీము అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి రాదు కనుక ఆమె మిగిలిన నాలుగు వాయిదాలూ గడువు దాటకుండా కట్టేసి, నెక్లెసు ఆలోచన మానుకుని, రాళ్ళు లేని సాదా గాజులు తీసుకోవాలని నిర్ణయించుకుంది.