ఓబోన్ సెలవుల్లో కోయాసాన్, క్యోటో: డబ్బు ఎక్కడ పెట్టొచ్చు?

జపాన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లకి వేసవిలో వరసగా దొరికే సెలవులు ఓబోన్‌వే. ఆగస్టు 13 నుంచి 16 దాకా గతించిన పెద్దలు ఇంటికొస్తారని ఇక్కడివాళ్ల నమ్మకం. క్యాలెండర్లో ఇవి సెలవులు కావు, అయినా చాలా ఆఫీసులు మూసేస్తారు. జనమంతా సొంతూళ్లకి కదులుతారు. సంక్రాంతికి సికింద్రాబాద్ స్టేషన్ చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో నొజోమి బుల్లెట్ రైళ్లలో అన్నీ రిజర్వుడు సీట్లే. నెల ముందు, పొద్దున 10 గంటలకి బుకింగ్ మొదలవుతుంది. ఇండియా నుంచి వచ్చే చుట్టాలు గొప్పగా చెప్పే జేఆర్ పాస్ అనే రైలు పాస్ టూరిస్టులకే. వర్క్ వీసా మీద ఉన్న మనం పూర్తి చార్జీ పెట్టుకోవాల్సిందే. పెద్ద పెట్టెలు మాత్రం మోయకండి. రెండ్రోజుల ముందు వీధి చివర కన్వీనియన్స్ స్టోర్లో అప్పగించాం, మాకంటే ముందే క్యోటో హోటల్‌కి చేరాయి. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సేవ ఇదే.

ముందు కొండమీది బౌద్ధక్షేత్రం కోయాసాన్ వెళ్లాం. ఒసాకా నంబాలో నాన్‌కై రైలెక్కి గొకురకుబషిలో దిగి, అక్కడి నుంచి కేబుల్ కారు, ఆపైన బస్సు. బౌద్ధ భిక్షువు కూకై 816లో నెలకొల్పిన ఈ క్షేత్రం సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. కింద ఒసాకాలో ఉడికిపోయిన మాకు రాత్రి దుప్పటి కప్పుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ యాభైకి పైగా ఆలయాలు బస ఇస్తాయి. రెండు పూటల భోజనంతో మనిషికి 15,000 యెన్లు దాటిపోవచ్చు. ఖరీదే. కానీ శాకాహారులకి ఈ దేశంలో ఇంత నిశ్చింత ఇంకెక్కడ? బయట మిసో సూప్‌లో కూడా చేప రసం ఉంటుంది. ఇక్కడ కొంబు నాచుతో, షీటాకే పుట్టగొడుగులతో చారు కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. మా అమ్మ కార్తీకమాసం వంటే అనుకోండి, కారం ఒక్కటే తక్కువ. నువ్వుల తోఫు నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. కరివేపాకు పొడి సీసా బ్యాగులోంచి తీయాలా వద్దా అని ఆలోచించి, చివరికి తీశాం.

లోపాలూ ఉన్నాయి. గదుల మధ్య కాగితపు తలుపులే, పక్కవాళ్ల గురక వినపడుతుంది. స్నానాల గది ఉమ్మడి. సాయంత్రం ఆరింటికల్లా భోజనం, పొద్దున ఆరింటికి పూజ. చిన్నపిల్లలతో అయితే కష్టమే.

13 రాత్రి కోయాసాన్‌లోని ఒకునోయిన్ శ్మశానవాటికలో కొవ్వొత్తుల పండగ. దేవదారు చెట్లకింద, రెండు లక్షలకు పైగా సమాధుల మధ్య, రెండు కిలోమీటర్ల దారి పొడవునా వచ్చినవాళ్లే దీపాలు వెలిగిస్తారు. విదేశీయులమని ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు, మా చేతికీ కొవ్వొత్తి ఇచ్చారు. గోబ్యోబషి వంతెన దాటాక ఫోటోలు నిషిద్ధం.

క్యోటోలో 16 రాత్రి 8 గంటలకి, వచ్చిన పెద్దల్ని సాగనంపడానికి, కొండమీద ‘దై’ (పెద్ద) అక్షరం మంటల్లో వెలుగుతుంది. తర్వాత ఐదేసి నిమిషాల తేడాతో ఇలాంటివే మరో నాలుగు మంటలు. కామో నది ఒడ్డున నిలబడితే మొదటిది బాగా కనిపిస్తుంది, అయిదూ ఒక్కచోటి నుంచి చూడాలనే ఆశ వదులుకోండి. ఆ అరగంట కోసం రెట్టింపు అద్దెకి అగ్గిపెట్టెంత గది తీసుకోవడం నాకు దండగనిపించింది. మళ్లీ వెళ్తే ఒసాకాలో దిగి, సాయంత్రం రైల్లో వచ్చి చూసి వెళ్లిపోతాను.

తుఫాన్ల కాలం కూడా ఇదే. 2024లో సరిగ్గా ఆగస్టు 16నే టోక్యో, నాగోయా మధ్య షింకాన్సెన్ (బుల్లెట్ రైళ్లు) రోజంతా ఆపేశారు. అలా ఆపితే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కిస్తారు, హోటల్ మాత్రం మీ ఖర్చే. అందుకని తిరిగొచ్చాక ఒకరోజు సెలవు మిగుల్చుకోండి.