ఆనేకల్ దగ్గర మా టెమ్ సర్వే: ఈసారి డబ్బులు దేనికిచ్చామో తెలిసింది

టెమ్ (ట్రాన్సియెంట్ ఎలక్ట్రోమాగ్నెటిక్) అంటే తవ్వకుండానే కరెంటుతో కింద పొరలు ఎలా ఉన్నాయో అంచనా వేసే సర్వే. ముందే సూటిగా చెప్పేస్తాను. బోరు పాయింట్ చూసేవాళ్ళను పిలిస్తే "ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడతాయి" అని కాదు, "మీ కొలతలు, మీ లెక్క రెండూ మా చేతికిస్తారా" అని అడగండి. మేం మొదటిసారి ఆ మాట అడగకుండానే బోరు వేయించేశాం, అది ఫెయిలైంది.

మాది బెంగళూరు పక్కన ఆనేకల్ దగ్గర మూడెకరాలు, ఐదు కుటుంబాలు, అందరం అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళమే. 2024 ఎండాకాలంలో బెంగళూరు ట్యాంకర్ల కోసం ఎంత అల్లాడిందో చూశారు కదా, మా పాత బోరు కూడా అప్పుడే ఎండిపోయింది. మొదట వచ్చిన ఏజెన్సీవాళ్ళు ఒక చిన్న పెట్టె, రెండు రాడ్లతో తిరిగి గంటన్నరలో ఫోన్‌లోనే రంగుల బొమ్మ చూపించారు. 300 మీటర్ల దాకా ఒకేలా నిండుగా రంగులు, 210 మీటర్ల దగ్గర ఒక నీలం ముద్ద, అదే నీళ్ళన్నారు. కొలతలివ్వమంటే మెషీన్ బొమ్మే ఇస్తుంది సార్ అన్నారు. 820 అడుగులు వేస్తే రాతి పొడి తప్ప ఏమీ రాలేదు.

ఈసారి మా బావగారు చెప్పిన ముగ్గురి టీమ్‌ని పిలిచాం. వాళ్ళు నేల మీద 40 మీటర్ల చదరంగా వైరు పరిచి, అందులో కరెంటు పంపి, ఒక్కసారిగా ఆపేస్తారు. ఆ ఆపడంతో నేలలో సుడి కరెంట్లు పుట్టి, కిందికీ పక్కలకీ పాకుతూ నీరసిస్తాయి, అవి ఎంత త్వరగా తగ్గుతున్నాయో మధ్యలో ఉన్న కాయిల్ మైక్రోసెకన్ల లెక్కన పట్టుకుంటుంది. తడి ఉన్న మెత్తటి నేలలో కాసేపు నిలుస్తాయి, గట్టి రాయిలో గబుక్కున పోతాయి. ఇలా 11 చోట్ల కొలిచి, కంచె పక్కన తీసిన రెండింటిని వాళ్ళే కొట్టేశారు. "కంచె తీగలో కూడా కరెంటు తిరుగుతుందన్నా, అది నేల చెప్పిన మాట కాదు" అన్నాడు వాళ్ళలో చిన్నవాడు. నాకు వాళ్ళ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. కొలిచింది పైన, కావలసింది కింద ఏముందో, ఈ వెనక్కి వెళ్ళే లెక్కనే ఇన్వర్షన్ అంటారు. కిరాణా బిల్లులో మొత్తం మాత్రం చూపించి సంచిలో ఏమేం ఉన్నాయో చెప్పమన్నట్టు ఉంటుంది, ఆ మొత్తానికి సరిపోయే సంచులు చాలానే ఉంటాయి. ఓమ్-మీటర్ అంటే నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. మా విషయంలో 20 ఓమ్-మీటర్ల తడి పొర 10 మీటర్ల మందం ఉన్నా, 40 ఓమ్-మీటర్లది 20 మీటర్లున్నా పైన దాదాపు ఒకే సిగ్నల్ వస్తుందట. అంటే దాని పైనున్న 14 మీటర్లు కలుపుకుంటే గట్టి రాయి 24 మీటర్లకి తగలొచ్చు, 34కి తగలొచ్చు. రిపోర్టులో రెండు మోడళ్ళూ ఇచ్చారు. పక్క తోటాయన బోరుకి 100 అడుగులకి పైనే కేసింగ్ (మెత్తటి నేల కూలకుండా గట్టి రాయి దాకా దించే పైపు) దించారని కనుక్కుని, రెండోదాని వైపు మొగ్గారు.

ఏది కనిపించదో కూడా రాసిచ్చారు. 120 మీటర్ల కింద బొమ్మని బూడిద రంగుతో కప్పేసి, ఇక్కడి నుంచి మా కొలతలకి బలం లేదన్నారు. బెంగళూరు కింద ఉన్నది లాల్‌బాగ్ గుట్టలో కనిపించే నైస్ (gneiss) అనే పాత గట్టి రాయే, నీళ్ళుంటే పైన మెత్తబడిన పొరలో, లేదంటే కింద పగుళ్ళలో ఉండాలి. పొర మందం ఈ పద్ధతికి సుమారుగా దొరుకుతుంది, 700 అడుగుల్లో ఉన్న సన్నటి పగులు దొరకదు. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు డెన్మార్క్ ఆర్హుస్ యూనివర్సిటీతో కలిసి తుమకూరు జిల్లా అంకసంద్రలో ఇలాంటి వైరు లూప్‌నే హెలికాప్టర్‌కి వేలాడదీసి సర్వే చేశారు, కాబట్టి ఇదేదో కొత్త మాయ మెషీన్ కాదు.

డేటా ఫైళ్ళు అడగ్గానే ఇచ్చారు. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాడు సిమ్‌పెగ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో పెట్టి రెండు వారాంతాలు కూర్చున్నాడు. నునుపుగా మారే మోడల్ అడిగితే ఒకలా, తెగ్గొట్టినట్టు పొరలు అడిగితే ఇంకోలా వచ్చింది, కొలతలకీ మోడల్ లెక్కకీ మధ్య తేడాని మరీ సున్నాకి దించమంటే లేని పొరలు కూడా పుట్టుకొచ్చాయి, ఎందుకంటే అది కొలతల్లోని చెత్తని కూడా నేలే అనుకుంటుంది. కానీ ఏ రకంగా చేసినా ఈశాన్యం మూలే అన్నిటికంటే మందంగా కనిపించింది. అక్కడే పాయింట్ పెట్టాం.

105 అడుగులకి గట్టి రాయి తగిలింది, అంటే 32 మీటర్లు. 340 అడుగుల దగ్గర పగులు తగిలి ఒకటిన్నర ఇంచుల నీళ్ళు పడ్డాయి. ఫోన్ చేసి మెచ్చుకుంటే ఆ టీమ్ పెద్దాయన "పొర మందం మా లెక్క, పగులు మాత్రం మీ అదృష్టం సార్" అన్నారు.

లోపాలు కూడా ఉన్నాయి. వారంలో ఇస్తామన్న రిపోర్ట్‌కి 19 రోజులు పట్టింది, ఆ టెన్షన్‌లో రిగ్గు బుకింగ్ రెండుసార్లు మార్చుకున్నాం. రిపోర్టంతా ఇంగ్లీషు గ్రాఫులే, మా అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక పేజీ అయినా కన్నడలోనో తెలుగులోనో ఉండాల్సింది. మొదటి ఏజెన్సీకి ఇచ్చినదానికి రెండింతలకి పైగా ఖర్చయింది, ఫెయిలైన బోరు ఖర్చు ముందు అది నాకు ఎక్కువ అనిపించలేదు.

ఇంకో బోరు వేయట్లేదు. అదే మ్యాప్ చూసుకుని, పాయింట్‌కి ఎగువన మెత్తటి పొర మందంగా ఉన్న చోట ఇంకుడు గుంత తవ్విస్తున్నాం, జూన్ వానలకి ముందే పూర్తి చేయాలి.