నలభై దాటాక మళ్ళీ కరాటేనా, కొత్తగా జూడోనా? ఏది మేలు?

నాకు కరాటే వచ్చు అని ఇరవై ఆరేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. పదో తరగతికల్లా బ్రౌన్ బెల్ట్ దాకా వెళ్ళి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేర్చడంతో ఆగిపోయిన విద్య అది. మా ఈడు వాళ్ళలో చాలామందికి ఆట ఏదైనా ఇంటర్ దగ్గరే ఆగింది. ఇప్పుడు నాకు 42. మా అమ్మాయిని కరాటే క్లాసులో దింపి, అది బయటికొచ్చేదాకా స్కూటీ మీద కూర్చుని ఫోను చూసుకునేదాన్ని, ఆ గంటేదో లోపలే గడిపితే పోలా అనిపించింది. అయితే దేంట్లో చేరాలి? పాతదే పట్టుకోవాలా, కొత్తది మొదలుపెట్టాలా? ఏడాదిగా అమలాపురం నుంచి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కరాటే, తైక్వాండో, జూడో, బాక్సింగ్, కర్రసాము, అన్నిటి గుమ్మం తొక్కాను. మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పాత విద్య సంగతి. తిరిగి వచ్చేవాళ్ళకి దెబ్బ తగిలేది కొత్త విద్యలో కాదు, వచ్చిన విద్యలోనే. ఒళ్ళు మర్చిపోదు, అదే ఇబ్బంది. కరాటేలో మళ్ళీ చేరిన రెండో వారంలో మాస్టారు "మవాషి గేరి" (నడుము తిప్పి పక్కనుంచి తన్నే తన్ను) అనగానే నా నడుము దానంతటదే తిరిగింది, కాలు పదిహేనేళ్ళ పిల్ల కాలులా పైకి లేచింది, దింపేసరికి తొడ వెనక భాగం పట్టేసి మూడు వారాలు మేడ మెట్లెక్కలేకపోయాను. ఆయాసం నెలా రెండు నెలల్లో తగ్గుతుంది, కండ కూడా కాస్త త్వరగానే మాట వింటుంది, కానీ కండని ఎముకకి కట్టి ఉంచే టెండాన్లు గట్టిపడాలంటే నెలలు పడుతుంది. మడమ వెనక ఉండే పెద్ద టెండాన్ తెగడం ముప్పైకీ యాభైకీ మధ్య వయసులో, చాలాకాలం ఆగి మళ్ళీ గ్రౌండులోకి దిగినవాళ్ళలో ఎక్కువ. అదే జూడోలో నాకు ఏమీ రాదు కాబట్టి ప్రతిదీ మెల్లగా, అడిగి అడిగి చేశాను, అందుకే అక్కడ ఇప్పటిదాకా ఒక్క దెబ్బ తగల్లేదు.

ఇంతకుముందు ఇంకోచోట చేరి మానేశాను. వార్మప్ అని సిమెంటు వరండాలో వంద కప్పగెంతులు వేయించారు, మోకాలు కొబ్బరిబొండంలా వాచింది. నేను నలభై దాటినదాన్నని చెప్పినా, అందరికీ ఒకటే రూలు అన్నారు. అలాంటిచోట ఏ స్టైలు నేర్పినా మనకి పనికిరాదు.

కరాటేకీ తైక్వాండోకీ మధ్య తేల్చుకోవడం నాకు తేలికే అయింది. తైక్వాండో పోటీల్లో గుద్దుకి ఒక పాయింటు, ఛాతీ మీద తన్నుకి రెండు, తల మీద తన్నుకి మూడు, గిర్రున తిరిగి తంతే ఇంకా ఎక్కువ. తల మీద గుద్దడానికి వీల్లేదు. ఇలా పాయింట్లున్న ఆటలో క్లాసంతా ఎత్తు తన్నుల చుట్టూనే తిరుగుతుంది, అది సహజం. పన్నెండేళ్ళ పిల్లలకి భలే ఉంటుంది, నా తుంటికి మాత్రం కాదు. అయితే ఒక్క మాట: తైక్వాండోలో పూమ్సే అని కరాటే కటా లాంటిది, అంటే ఎదుటి మనిషి లేకుండా వరసగా చేసే కదలికల పాఠం, ఉంది, దాని పోటీల్లో అరవై దాటినవాళ్ళకి కూడా విడిగా విభాగాలుంటాయి. మీ ఊళ్ళో మంచి తైక్వాండో మాస్టారు ఒక్కరే ఉంటే, పూమ్సే మాత్రమే నేర్చుకుంటానని అడిగి చేరండి, నష్టం లేదు.

కరాటేలో మళ్ళీ ఏ కరాటే అన్నది ఇంకో ప్రశ్న. నేను చూసినంతలో మా వైపు ఎక్కువ షోటోకాన్. అది 1922లో జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్ళి ప్రదర్శన ఇచ్చిన ఫునకోషి గిచిన్ పేరు మీద నడిచే విద్య. దాంట్లో ముందుకాలు బాగా వంచి, వెనక కాలు చాపి, కిందికి దిగి నిలబడాలి. చూడ్డానికి అందంగా ఉంటుంది, మోకాలి చిప్ప మీద భారం కూడా అలాగే పడుతుంది. గోజు-ర్యు, వాడో-ర్యులో నిలబడటం కాస్త ఎత్తుగా, చిన్న అడుగులతో ఉంటుంది, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అవే నయం. క్యోకుషిన్ అని బోర్డు ఉంటే మాత్రం ఆలోచించుకుని వెళ్ళండి, అది ఒంటి మీద నిజంగా కొట్టుకునే విద్య. మరి నేను షోటోకాన్‌లోనే ఎందుకు ఉన్నానంటే, మా మాస్టారు మొదటిరోజే "మేడం గారూ, మీరు సగం వంచితే చాలండి, మిగతా సగం ఆరునెలల తర్వాత చూద్దాం" అన్నారు. ఇంకో కారణం కూడా ఉంది. షోటోకాన్‌లో మొదట నేర్పే హియాన్ కటాలు ముందు పినాన్ అన్న పేరుతో ఒకినావాలో ఇటోసు అంకో అనే గురువు స్కూలు పిల్లల కోసం కట్టినవి. స్కూలు వరండాలో నేర్చుకున్న హియాన్ షోడాన్‌ని, అంటే వాటిలో మొదటిదాన్ని, అమ్మాయి పక్కన నిలబడి ఇరవై ఒక్క కదలికలూ తప్పు లేకుండా చేసిన రోజు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొత్త విద్యలో ఇది దొరకదు, దీనికి విలువ కట్టలేం.

ఇక జూడో. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు దీన్నే లెక్కలోకి తీసుకోరు. కానో జిగోరో 1882లో టోక్యోలో మొదలుపెట్టాడు, 1964లో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఇందులో కొట్టడం, తన్నడం ఉండదు. పట్టుకుని పడేయడం, నేల మీద అదిమి ఉంచడం, పెద్దవాళ్ళకైతే మెడ బిగించే పట్లు, మోచేతి పట్లు కూడా, అంతే. కానీ అన్నిటికంటే ముందు నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు, వీపు గుండ్రంగా ఉండాలి, పడే క్షణంలో చెయ్యి చాపి మ్యాట్‌ని అరచేత్తో గట్టిగా చరచాలి, అన్నిటికంటే ముఖ్యం చెయ్యి కింద ఆనించి ఒళ్ళు ఆపుకోవాలని చూడకూడదు. దీన్ని ఉకేమి అంటారు. నేను నెలరోజులు ఇదే చేశాను, గొంతుక్కూర్చుని వెనక్కి, తర్వాత నిలబడి, తర్వాత పక్కకి.

ఆలోచించండి, మన ఊళ్ళో నలభై దాటిన ఆడవాళ్ళకి ఎవరైనా వచ్చి కొట్టడం వల్ల ఎముక విరుగుతుందా, జారి పడటం వల్లా? మా మేనత్త వర్షాకాలంలో నూతి చప్టా మీద జారి, చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకుంది. మా డెల్టాలో ఏడాదిలో సగం రోజులు నాచు పట్టిన గచ్చే, కాలవ రేవు మెట్లే, తడిసిన మట్టిగట్టే. నెలసరి ఆగిపోయాక ఎముకలు పలచబడతాయి, అప్పుడు ఒక్క పడటం చాలు మంచాన పడటానికి. ఆత్మరక్షణ అంటే నాకు ముందు ఇదే గుర్తొస్తోంది. పోయిన శ్రావణంలో మా పెరట్లో నాచు మీద కాలు జారినప్పుడు, నా చెయ్యి ముందుకి పోలేదు, గడ్డం దానంతటదే లోపలికి వచ్చింది, పక్కకి ఒరిగి పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, అంతే.

మరి జూడోనే మేలు అనేయొచ్చుగా? అనలేను. మొదటిది దూరం. నాకు సరైన మ్యాట్‌లు ఉన్న చోటు కాకినాడలో దొరికింది, అమలాపురం నుంచి యానాం మీదుగా బస్సులో వెళ్ళి రావడానికే ఆదివారం సగం పోతుంది. రెండోది జోడీ. కటా ఒంటరిగా చేసుకోవచ్చు, జూడోకి ఎదురుగా మనిషి కావాలి, అదీ మన బరువు మనిషి. అక్కడికొచ్చేవాళ్ళంతా పదహారు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు. "ఆంటీ, మెల్లగానే వేస్తానండీ" అంటారు పాపం, కానీ కాలు అడ్డంపెట్టి పడేసేటప్పుడు ఇద్దరిలో ఎవరు తడబడినా మోకాలు మెలిపడుతుంది. పడటం నేర్చుకోవడం నలభైల్లో మంచిదే, రోజూ పోటీ పట్టు పట్టడం వేరే సంగతి. మూడోది చిన్నదే అయినా చెప్పాలి: జూడో బట్టలు దళసరి గుడ్డ, ఏప్రిల్ మేలో మన ఉక్కలో అది తడిసి ఒంటికి అంటుకుపోతుంది, నీళ్ళు తాగుతూ ఉండకపోతే కళ్ళు తిరుగుతాయి.

బాక్సింగ్ గురించి రెండు ముక్కలు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మన దగ్గర కూడా ఆడపిల్లలు గ్లవ్స్ కోసం అడుగుతున్నారు, సంతోషం. బ్యాగు మీద, ప్యాడ్ల మీద కొట్టడం ఒంటికి చాలా మంచి పని, మనసులో టెన్షన్ కూడా దిగుతుంది. కానీ ఎదురెదురుగా నిలబడి తల మీద దెబ్బలు తినే స్పారింగ్‌కి ఈ వయసులో నేను ఒప్పుకోను, మీకూ వద్దనే చెబుతాను. బ్రెజిలియన్ జియు-జిట్సు కూడా వెతికాను, ముప్పై దాటినవాళ్ళకి విడిగా వయసు విభాగాలున్న ఆట కాబట్టి ఆశపడ్డాను. వారం వారం వెళ్ళిరాగల దూరంలో నాకు దొరకలేదు.

కర్రసాము మాత్రం మా సొంతం. అమలాపురం దసరాకి వీధుల్లో తాలింఖానా చూస్తూ పెరిగినదాన్ని, కర్రలు, కత్తులు, అగ్గిబరాటాలు తిప్పుతుంటే చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని చూసేదాన్ని. ఇప్పుడు నా చెవి దాకా వచ్చే వెదురు కర్ర ఒకటి కొనుక్కున్నాను. మోకాళ్ళ మీద భారం తక్కువ, మణికట్టూ భుజమూ బాగా కదులుతాయి, బట్టలూ బెల్టూ అక్కర్లేదు, చుడీదార్ మీదే చేసుకోవచ్చు. ఇబ్బందల్లా ఏడాది పొడవునా వరసగా నేర్పే క్లాసు నాకు దొరక్కపోవడమే. నేను చూసిన చోట దసరా ముందు జోరుగా సాగుతుంది, తర్వాత ఎవరి పని వాళ్ళది. నేర్పేది కూడా చూసి పట్టుకోమనే పద్ధతి, చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకి అది సరిపోతుంది, నాలాంటివాళ్ళకి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తప్పు దిద్దాలి.

అందుకని నేను ఇలా సర్దుకున్నాను. ఇంటి విద్య కరాటే, మంగళవారం, గురువారం సాయంత్రం, అమ్మాయితో కలిసి. జూడోకి ఆదివారాల్లో మూడు నెలలు వెళ్ళి, పడటం ఒంటికి పట్టించుకుని, పట్టుల జోలికి ఎక్కువ పోకుండా వచ్చేశాను, ఇప్పుడు రెండు నెలలకోసారి వెళ్ళి సరిచూసుకుంటాను. రెండిట్లో ఒక్కటే కుదురుతుంది అంటే, దగ్గర్లో జూడో ఉంటే ఆ మూడు నెలలూ ముందు అక్కడే గడపమంటాను, కరాటే తర్వాతైనా ఉంటుంది. పాత బ్రౌన్ బెల్ట్ కట్టుకోమని మాస్టారు అన్నారు గానీ నేను తెల్ల బెల్ట్ అడిగి తీసుకున్నాను. నడుముకి తెల్లది ఉంటే నా కాలు కూడా అంత ఎత్తుకి లేవాలని తొందరపడటం లేదు, పక్కనున్న పిల్లలు కూడా నామీదికి మెల్లగా వస్తున్నారు.

చేరే ముందు అడగాల్సినవి రెండే: నేల ఏమిటి, సిమెంటా మ్యాటా? పడటం నేర్పుతారా? బీపీ, షుగర్ ఉంటే డాక్టరుని అడిగి వెళ్ళండి. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవనివాళ్ళు, మన వయసు ఆడవాళ్ళలో ఇది చాలామందికి ఉంది, జూడో పక్కన పెట్టి ముందు భుజం డాక్టరుకి చూపించుకోండి. ఆయన సరే అన్నాక కరాటేలో నడుము కింది పని మాత్రమే చేస్తానని మాస్టారుకి ముందే చెప్పండి. సంక్రాంతి కాగానే మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు రెండు నెలలు దొరుకుతాయి.