శాంటొరిని పాత రేవు కేబుల్ కారు: ఓడ ఆగే కొన్ని గంటలకు ఇదే తాళంచెవి

క్రూజ్ ఓడలో గ్రీసు దీవి శాంటొరిని వెళ్లేవాళ్లంతా ముందు ఇయా ఊళ్లోని నీలి గుమ్మటాల గురించి అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది ఫిరా కేబుల్ కారు గురించి, అంటే రేవు నుంచి కొండ మీది ఫిరా ఊరికి తీగ మీద వేలాడుతూ వెళ్లే పెట్టెల గురించి. ఓడవాళ్ల కాగితం మీద ‘ఉదయం 8 నుంచి సాయంత్రం 5’ అని ఉండొచ్చు. అందులో దీవి మీద మీకు దక్కేది నాలుగు గంటలా ఏడు గంటలా అన్నది ఆ తీగ దగ్గరే తేలుతుంది.

చోటు ఎలాంటిదో తెలిస్తే ఇబ్బంది ఎక్కడో అర్థమవుతుంది. అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన గుంటలోకి సముద్రం వచ్చి చేరింది, దాని అంచున నిలువుగా మిగిలిన కొండ మీద ఫిరా ఊరుంది. గుంటలో నీళ్లు 300 మీటర్లకు పైగా లోతు. పెద్ద ఓడకు ఒడ్డును ఆనుకుని కట్టేసే రేవు లేదు, లంగరు అందడమూ కష్టమే. అందుకని ఓడ నీళ్ల మధ్య నిలబడుతుంది, చిన్న పడవలు జనాన్ని కొండ కింది పాత రేవుకు చేరుస్తాయి. అక్కడినుంచి ఊళ్లోకి దాదాపు 220 మీటర్ల ఎత్తు. పైకి దారులు మూడు: కేబుల్ కారు, 588 మెట్లు, గాడిదలు.

కేబుల్ కారు మంచి సేవ, ఆ మాట ముందే చెప్పాలి. నోమికోస్ ఫౌండేషన్ ఊరికి కానుకగా కట్టించింది, 1980ల ఆరంభం నుంచి నడుస్తోంది. ప్రయాణం సుమారు మూడు నిమిషాలు. కుదుపు తక్కువ, అద్దాల్లోంచి గుంట మొత్తం కనిపిస్తుంది. ఎత్తంటే భయపడేవాళ్లు కొండ వైపు మొహం పెట్టి కూర్చుంటే సరిపోతుంది. టికెట్ స్టేషన్ దగ్గరే తీసుకోవాలి. చాలా ఏళ్లు ఒకవైపుకు 6 యూరోలుండేది, తర్వాత పెంచారు. పాత వెబ్ పేజీల్లో కనిపించే అంకెను నమ్ముకుని చిల్లర పట్టుకెళ్లకండి. దిగేటప్పటి టికెట్ ముందే కొనడం కూడా అనవసరం, ఎందుకో కింద చెబుతాను.

లోటు దాని సామర్థ్యంలో ఉంది. ఒక్కో వైపు ఆరు పెట్టెలు, పెట్టెకు ఆరుగురు, అంటే విడతకు 36 మంది. ఆగకుండా నడిపినా గంటకు ఒక వైపు 600 మందికి మించి వెళ్లలేరు. 3,000 మంది ప్రయాణికులున్న ఒక్క ఓడ మొత్తం దీనిమీదే పైకి రావాలంటే ఐదు గంటలు పడుతుంది. దీవికి ఓడల మీద వచ్చేవాళ్లు రోజుకు 8,000 మందికి మించకూడదని 2025 నుంచి పరిమితి పెట్టారు. ఈ 8,000నూ ఆ 600నూ పక్కపక్కన పెట్టి చూడండి. అందుకే బయల్దేరే ముందు చేయాల్సిన మొదటి పని, మీ తేదీన ఇంకెన్ని ఓడలు వస్తున్నాయో క్రూజ్ షెడ్యూల్ సైట్లలో చూసుకోవడం. ఒకే ఓడ ఉన్న రోజుకూ నాలుగు ఓడలున్న రోజుకూ పోలికే ఉండదు.

చాలామంది ఎక్కే వరసకు భయపడతారు. నిజానికి దిగే వరస అంతకంటే ప్రమాదం. పొద్దున పడవలు జనాన్ని కొంచెం కొంచెంగా తెస్తాయి కాబట్టి రద్దీ పలచబడుతుంది. మధ్యాహ్నం మాత్రం అందరూ చివరి రెండు గంటల్లోనే వెనక్కి వస్తారు. అన్ని ఓడల జనమూ ఒకే తలుపు ముందు చేరతారు, వరస ఫిరా సందుల్లోకి పాకుతుంది. ఓడ 5 గంటలకు కదిలితే చివరి పడవ 4 లేదా 4:30కే ఉంటుంది. రద్దీ రోజున 2:30కల్లా పై స్టేషన్ దగ్గరుండాలి. 3:30కి వచ్చి వరస చూసి కంగారుపడేవాళ్లకు మిగిలేది మెట్ల దారే.

ఆ మెట్ల దారి చెడ్డదేమీ కాదు, సిద్ధపడి వెళ్లినవాళ్లకు. దిగడానికి 20 నుంచి 25 నిమిషాలు, ఎక్కడానికి 40 నిమిషాల పైనే. మెట్లు వెడల్పుగా, వాలుగా ఉంటాయి, రాళ్లు అరిగి నున్నగా మెరుస్తుంటాయి. వాటి మీద గాడిదల పేడ, మూత్రం. హవాయి చెప్పులతోనో తోలు అడుగున్న చెప్పులతోనో దిగితే జారి పడటం ఖాయం. పట్టున్న బూట్లు వేసుకోండి. ఇంకో సంగతి: కొండ పడమటి ముఖంగా ఉంది. పొద్దున మెట్ల దారి నీడలో ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత ఎండంతా దానిమీదే. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు పొద్దున నీడలో మెట్లెక్కి రావచ్చు. మధ్యాహ్నం వరస పొడుగ్గా ఉంటే టోపీ, నీళ్ల సీసాతో మెట్ల మీదుగా దిగిపోవచ్చు. దిగే టికెట్ ముందే కొనొద్దన్నది ఇందుకే.

గాడిద ఎక్కడం వద్దనే నా సలహా. 100 కిలోలు గానీ, జంతువు బరువులో అయిదో వంతు గానీ దాటి బరువు మోయించకూడదని 2018లో గ్రీసు నిబంధన తెచ్చింది. ఆ పరిస్థితి ఎందుకొచ్చిందో ఎండలో ఒక్క పూట ఆ దారిలో నిలబడితే తెలుస్తుంది. నడిచేటప్పుడు అవి గుంపుగా ఎదురొస్తే ఆగి దారివ్వండి, వాటి వెనక కాళ్ల దగ్గర నిలబడకండి.

రేవులో దిగగానే వరసను తప్పించే ఉపాయం ఒకటుంది. అక్కడే కొందరు స్పీడ్ బోటులో ఇయా కింది రేవు అమ్ముడికి తీసుకెళ్లి, అక్కడినుంచి బస్సులో ఊళ్లోకి, తర్వాత ఇయా నుంచి ఫిరాకు మరో బస్సులో చేర్చే టికెట్ అమ్ముతారు. ఎక్కే వరస పూర్తిగా తప్పుతుంది, ఇయా, ఫిరా రెండూ చూసినట్టవుతుంది. ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగే పని ఇది. కొనే ముందు మూడు విషయాలు తేల్చుకోండి: అమ్ముడి నుంచి పైకి బస్సు టికెట్‌లో కలిసే ఉందా (లేకపోతే అక్కడా మెట్లే), ఇయా నుంచి ఫిరా బస్సు ఎన్ని గంటలకు, బోటు నిండేదాకా ఎంతసేపు ఆపుతారు. ఫిరా నుంచి దిగడం మాత్రం ఎవరికైనా కేబుల్ కారో మెట్లో, అది టికెట్‌లో రాదు.

ఓడవాళ్ల టూరు ఖరీదే, కానీ అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు దాన్ని తీసిపారేయకండి. ఆ టూరు జనాన్ని ముందు పడవల్లో, చాలాసార్లు బస్సులు రాగలిగే అథినియోస్ రేవులో దింపుతారు. పొద్దుటి వరస ఉండదు. టూరు ఆలస్యమైతే ఓడ తమవాళ్ల కోసం ఆగుతుంది, సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఆగదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కేబుల్ కారు స్టేషన్ లోపల కూడా మెట్లున్నాయని గుర్తుంచుకోవాలి. ఏథెన్స్ దగ్గరి పైరేయస్ రేవు నుంచి ఫెర్రీలో వచ్చేవాళ్లు దిగేది కూడా అథినియోస్‌లోనే. వాళ్లకు ఈ గొడవే లేదు, బస్సెక్కి ఫిరా చేరొచ్చు.

పైకొచ్చాక అయిదు గంటలు మిగిలితే ఏం చేయాలి? స్టేషన్ నుంచి ఉత్తరంగా, కొండ అంచు వెంట ఫిరోస్తెఫాని, అక్కడినుంచి ఇమెరోవిగ్లి దాకా నడవండి. వెళ్లడానికి ముప్పావు గంట చాలు, గుంట అందం నిండుగా కనిపించేది ఇక్కడే, పైసా ఖర్చు లేదు. ఇయాకు ఫిరా బస్టాండు నుంచి ప్రభుత్వ రవాణా బస్సులుంటాయి, అరగంట ప్రయాణం, చేతిలో నగదు ఉంచుకోండి. తిరుగు బస్సు నిండిపోతే తర్వాతి దానిదాకా ఆగాలి, టాక్సీలు చాలా తక్కువ. కాబట్టి ఇయా వెళ్తే పొద్దున్నే వెళ్లి, ఒంటిగంటకల్లా ఫిరాకు తిరిగి రండి. చరిత్ర ఇష్టమైతే ఫిరాలోనే ఉన్న ప్రాగైతిహాసిక మ్యూజియం చూడొచ్చు. పేలుడు బూడిద కింద కప్పబడిన అక్రోతిరి ఊరి గోడల మీది నీలి కోతుల చిత్రం అక్కడుంది. అక్రోతిరి తవ్వకాలు, ఇయా, రెండూ ఒకే పూటలో పెట్టుకోకండి, అవి దీవికి చెరో కొసన ఉన్నాయి.

సూర్యాస్తమయం కోసం ఇయాలో ఆగడం రాత్రిదాకా ఉండే ఓడలవాళ్లకే కుదురుతుంది. వాళ్లకు కూడా నేను వద్దనే చెబుతాను. జూన్‌లో సూర్యుడు 8:30 దాటాక మునుగుతాడు, ఆ వెంటనే బస్సు దగ్గరా కేబుల్ కారు దగ్గరా తొక్కిసలాటే. ఓడ డెక్ మీదినుంచి చూస్తే సూర్యుడు ఎర్రబడటం, ఆ వెలుగు కొండ మీద పడటం రెండూ కనిపిస్తాయి.

జులై, ఆగస్టుల్లో ఉత్తరపు గాలి మెల్తెమి వీస్తుంది. గాలి మరీ ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు మెట్లు దిగడానికి పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

తిండి విషయంలో మనవాళ్లకు మంచి కబురు. ఇక్కడి ‘ఫావా’ అంటే పసుపు పప్పును ముద్దగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు) వేసి ఇచ్చేది. ఆ గింజ మన కేసరి పప్పుకు దగ్గరి చుట్టం. ముద్దపప్పు తిన్న నాలుకకు కొత్తగా అనిపించదు. కొన్నిచోట్ల పైన ఆక్టోపస్ ముక్కలు పెడతారు, అందుకని ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘హోర్తోఫాగోస్’ అనండి, శాకాహారి అని అర్థం. టొమాటో పకోడీల్లాంటి తొమాతోకెఫ్తేదెస్‌లో మాంసం ఉండదు, చీజ్, గుడ్డు ఉంటాయేమో అడగండి. కుళాయి నీళ్లు తాగొద్దు, సీసా కొనుక్కోండి.

కాగితాల సంగతి. ఓడ మధ్యలో టర్కీలోని కుషదాసి లాంటి రేవుకు వెళ్లి మళ్లీ గ్రీసుకు వస్తే, భారత పాస్‌పోర్టుతో ఒకే ప్రవేశం ఉన్న షెంజెన్ వీసా చాలదు, రెండు లేదా అంతకుమించి ప్రవేశాలున్నది తీసుకోవాలి. 2025 జులై 21 నుంచి శాంటొరినిలో దిగే ప్రతి ఓడ ప్రయాణికుడికీ రుసుం ఉంది: జూన్ నుంచి సెప్టెంబరు దాకా 20 యూరోలు, ఏప్రిల్, మే, అక్టోబరుల్లో 12, చలికాలంలో 4. సాధారణంగా ఓడ బిల్లులోనే కలుపుతారు, రేవులో ఎవరికీ కట్టనక్కర్లేదు.