ఉజిలో ఒక పూట, వజుకాలో రెండు రాత్రులు: ఆర్గానిక్ గ్రీన్ టీ వెంట మా ప్రయాణం

మే రెండో వారంలో ఒసాకాలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్లాను. గుళ్లు తర్వాత చూద్దాం, ముందు గ్రీన్ టీ ఎలా తయారుచేస్తారో చూపించమని అడిగాను. షుగర్ వచ్చినప్పటి నుంచి, అంటే నాలుగేళ్లుగా, పాల టీ మానేసి గ్రీన్ టీయే తాగుతున్నాను. విజయవాడలో మరిగే నీళ్లలో బ్యాగు ముంచుకుని తాగే ఆ టీ చేదుగా ఉండేది. మందు అనుకునే తాగేదాన్ని. "అక్కా, నువ్వు తాగేది సగం టీయే, రా చూపిస్తా" అంది చెల్లి.

ముందు ఉజి వెళ్లాం. క్యోటో స్టేషన్ నుంచి నారా వైపు వెళ్లే రైల్లో సుమారు 20 నిమిషాలు. జపాన్ టీ అనగానే అందరూ చెప్పే ఊరు ఇదే. 1053లో కట్టిన బ్యోదో-ఇన్ మందిరం ఇక్కడే ఉంది, వాళ్ల 10 యెన్ల నాణెం మీద ఉండే బొమ్మ దానిదే. నది వంతెన పక్కన 1160 నుంచి నడుస్తున్న ట్సూఎన్ అనే టీ కొట్టు ఉంది. మందిరానికి వెళ్లే వీధంతా హోజిచా, అంటే గ్రీన్ టీ ఆకును వేయించి చేసే టీ, వేపుతున్న వాసన. మన ఇంట్లో ధనియాలు వేయిస్తే వీధిలోకి వచ్చే ఘుమఘుమ లాంటిది.

నది ఒడ్డున మునిసిపాలిటీ నడిపే తైహో-ఆన్ అనే టీ గది ఉంది. చాప మీద కూర్చోబెట్టి, మన పూర్ణం లాంటి చిన్న తీపి ముందు పెట్టి, ఆ తర్వాత మాచా, అంటే మెత్తగా విసిరిన గ్రీన్ టీ పొడి, వేడి నీళ్లలో చిలికి ఇస్తారు. తొందరపెట్టరు, ఏమీ కొనమనరు. ఉజిలో నాకు బాగా నచ్చింది ఇదే. మాచా పొడి కొనుక్కుందామనుకుంటే మాత్రం మనిషికి ఒకటే డబ్బా అన్నారు. ప్రపంచమంతా మాచా మీద పడడంతో సరుకు చాలడం లేదట. రాతి తిరగలిలో గంటకు 40 గ్రాముల పొడి మాత్రమే వస్తుందని తెలిశాక ఆ కొరత అర్థమైంది.

ఇక్కడే ఒక దెబ్బ తిన్నాం. ఆన్‌లైన్‌లో 'ఆర్గానిక్ టీ తోటలో నడక' అని డబ్బు కట్టి బుక్ చేసుకుంటే, కొట్టు వెనక రెండు వరుసల మొక్కలు చూపించి, మిగతా గంటా కొట్టులోనే కూర్చోబెట్టారు. ఆర్గానిక్ అంటే ఏం చేస్తారని అడిగితే గైడు దగ్గర జవాబు లేదు. డబ్బు వెనక్కి ఇమ్మని రాసిన మెయిల్‌కీ ఉలుకూ పలుకూ లేదు. బుక్ చేసే ముందు 'ఏ ఊళ్లో, ఎవరి తోటలో' అని రాసి అడగండి. సూటిగా చెప్పకపోతే వదిలేయండి.

అసలు తోటలు వజుకా అనే కొండ ఊళ్లో ఉన్నాయి. ఒసాకా నుంచి కామో స్టేషన్ దాకా నేరుగా రైలుంది. అక్కడి నుంచి బస్సులో పావుగంట. బస్సులు మాత్రం తక్కువ, వేళలు ముందే చూసుకోండి. దిగగానే కొండ మొత్తం దువ్వెనతో దువ్వినట్టు టీ వరుసలు. మధ్యమధ్య కరెంటు స్తంభాలంత ఎత్తున ఫ్యాన్లు కనిపించాయి. వసంతంలో తెల్లవారుజామున మంచు పడి చిగుళ్లు మాడిపోకుండా, పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోయడానికట.

మేం దిగింది ఒక రైతు ఇంట్లో. చాప మీద పరుపు, అందరికీ కలిపి ఒకటే స్నానాల గది. ఇద్దరికీ రాత్రికి 11 వేల యెన్లు, కార్డు చెల్లదు, నోట్లే ఇవ్వాలి. జపాన్‌లో కూరగాయల వంటకంలోనూ చేపతో కాచిన నీళ్లే పోస్తారు, శాకాహారులకు అదే పెద్ద టెన్షన్. చెల్లి వారం ముందే రాయడంతో ఆ ఇల్లాలు సముద్రపు నాచుతో కాచి వండింది. లేత టీ ఆకుల బజ్జీలు వేసింది. పొద్దున హోజిచాలో ఉడికించిన గంజి పెట్టింది. నిన్నటి గంజిలో ఉల్లిపాయ నంజుకుని పెరిగినదాన్ని, ఆ గిన్నె నాకు కొత్తగా అనిపించలేదు. సాయంత్రం దాటితే ఊళ్లో కొట్లుండవు, తోటల దారి బాగా ఏటవాలు. మోకాళ్ల నొప్పులుంటే వజుకా-చా కేఫ్ దగ్గర బ్యాటరీ సైకిలు అద్దెకు తీసుకోండి. ఊరి రైతుల టీలన్నీ అక్కడ ఒకేచోట అమ్ముతారు.

రైతుకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన తోట అడవిని ఆనుకుని, మిగతా తోటలకు దూరంగా ఉంది. పక్కవాళ్లు మందు కొడితే గాలికి వచ్చి పడకుండా కావాలనే అక్కడ ఎంచుకున్నారట. ఆర్గానిక్ అని ముద్ర వేసుకోవాలంటే ఆకు కోసే ముందు కనీసం 3 ఏళ్లు నిషేధించిన మందులూ ఎరువులూ తగలకూడదు. ఆ మూడేళ్లూ దిగుబడి పడిపోయినా మామూలు ధరకే అమ్ముకున్నానని చెప్పారు. మనం వేరుశెనగ చెక్క వేసినట్టు ఆయన ఆవచెక్క వేస్తారు. నత్రజని తక్కువ పడుతుంది కాబట్టి ఆకు అంత ముదురు పచ్చగా ఉండదు, నోట్లో ఆ చిక్కటి కమ్మదనమూ కాస్త తగ్గుతుంది. "రుచి తక్కువని కొందరంటారు, తేలిగ్గా ఉందని కొందరంటారు" అన్నారు. నేను రెండో జట్టు.

కోసిన ఆకు అదే రోజు ఆవిరికి వెళ్లాలి, అందుకే ఈ కోతల రోజుల్లో టీ ఫ్యాక్టరీలు రాత్రిళ్లూ నడుస్తాయి. రాత్రి తొమ్మిదికి తీసుకెళ్లారు. తలుపు తీయగానే పచ్చి వేరుశెనక్కాయలు ఉడుకుతున్న వాసన. మన టీ పొడికీ దీనికీ మొక్క ఒకటే. ఆకును నలిపి గాలికి వదిలితే నల్ల టీ అవుతుంది. కోయగానే అర నిమిషం ఆవిరి పట్టిస్తే ఆ మార్పు ఆగిపోయి పచ్చగానే ఉంటుంది. ఆ తర్వాత వేడి గాలిలో నలుపుతూ, తడి బయటికి లాగుతూ, చివరికి సూదుల్లా సాగదీస్తారు. మొత్తం సుమారు నాలుగు గంటలు. ఐదు కిలోల ఆకు కిలో టీ అవుతుంది.

మర్నాడు మా చేత చేత్తో నలిపించారు. కింద నుంచి వేడి తగిలే బల్ల, పైన మందపాటి కాగితం. 1738లో నగతాని సోఎన్ అనే రైతు ఈ దగ్గర్లోనే ఉజితవారాలో పదును పెట్టిన పద్ధతి ఇది. పిండి పిసికినట్టు నొక్కితే ఆకు చిరుగుతుంది. రెండు అరచేతుల మధ్య వత్తి చేసినట్టు దొర్లించాలి. గంటకే నా భుజాలు పట్టేశాయి. "అక్కా, ఆయన చేతులు చూడు" అంది చెల్లి. గోళ్ల అంచులన్నీ ఆకుపచ్చ, అరచేతులు మాత్రం చంటిపిల్ల బుగ్గల్లా మెత్తగా మెరుస్తున్నాయి.

తాగడం కూడా ఆయనే నేర్పారు. మరిగిన నీళ్లు ఒక కప్పులోంచి ఇంకో కప్పులోకి పోస్తే సుమారు 10 డిగ్రీలు తగ్గుతాయి. అలా మూడుసార్లు పోసి, 70 డిగ్రీలకొచ్చాక ఆకు మీద పోసి నిమిషం ఆగాలి. మరీ వేడి నీళ్లయితే చేదంతా ఊడి వస్తుంది. నాలుగేళ్లుగా నేను చేసిన తప్పు అదే. ఆఖరి చుక్క దాకా వంచాలి, అందులోనే సారమంతా ఉంటుందట. మొదటి కప్పు తియ్యగా ఉంది, పంచదార లేకుండా. నాకు కళ్లు చెమర్చాయి. రెండోది కాస్త ఘాటు. మూడోసారి పోశాక కుండలో మిగిలిన ఆకుల మీద చిటికెడు ఉప్పు చల్లి చెంచాతో ముందుకు జరిపారు. తోటకూర వేపుడు తిన్నట్టు ఇద్దరం ఒక్క ఆకు మిగల్చకుండా తినేశాం.