నీలం గదుల ఫొటో చూసి డబ్బు కట్టాం, జిన్‌సెంగ్ కొట్టు చూసొచ్చాం

దక్షిణ కొరియాలో ఒక్కరోజు సరిహద్దు టూరుకి మనిషికి 68,000 వాన్లు. మన లెక్కలో 4,200 రూపాయల పైమాటే. ముగ్గురికి 12,600 దాటింది. అంత పోస్తే టూరువాళ్ళు మాకు తీరిగ్గా చూపించింది తిరుగుదారిలో జిన్‌సెంగ్ అనే మందువేరు అమ్మే ఒక కొట్టు. వాచీ చూసుకుని మరీ చెప్తున్నాను, 50 నిమిషాలు. ఉత్తర కొరియా కనిపించే డోరా అబ్జర్వేటరీ దగ్గర ఇచ్చింది 25.

మా మరిది పెనుకొండ దగ్గర కియాకి విడిభాగాలు చేసే కంపెనీలో పనిచేస్తాడు. ట్రైనింగ్‌కని కొరియా పంపితే, ఆ వంకన 2025 అక్టోబరులో నేను, మావారు, అత్తయ్య బయల్దేరాం. సియోల్‌లో నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఐదో రోజే ఈ డీఎంజెడ్ టూరు, అంటే రెండు కొరియాల మధ్య సైన్యాలు ఉండకూడదని గీసుకున్న సరిహద్దు పట్టీ చూడ్డం.

బుక్ చేసిన పేజీలో పెద్ద ఫొటో, సరిహద్దు మీది పాన్మున్‌జోమ్‌లో రెండువైపులవాళ్ళూ చర్చలకు కూర్చునే నీలం గదులది. 2018 ఏప్రిల్ 27న ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్, అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని సరిహద్దు గట్టు అటూ ఇటూ దాటింది అక్కడే. ఆ రోజు టీవీలో చూసి, ఇక వీళ్ళు కలిసిపోతారేమో అనుకున్నాను. ఆ గట్టు పక్కన నిలబడాలని నా కోరిక. తీరా బస్సెక్కాక గైడమ్మాయి మైకు తీసుకుని, "మనం అక్కడికి వెళ్ళం" అంది. 2023 జులైలో ఒక అమెరికన్ సైనికుడు టూరిస్టుల మధ్యలోంచి అటువైపు పరిగెత్తాక మామూలు టూర్లు ఆగిపోయాయట. పేజీ అడుగున "పరిస్థితులను బట్టి" అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. "చదువుకోవద్దూ?" అన్నారు మావారు. బుక్ చేసింది ఆయనే.

ముందుగా సరిహద్దు దగ్గరి పార్కు ఇమ్‌జింగాక్‌లో గంటసేపు. తూటాలు తిన్న పాత రైలింజను ఒకటుంది, ఒంటి మీద వెయ్యికి పైగా బొక్కలు. పక్కనే ఫ్రీడమ్ బ్రిడ్జి, 1953లో కొరియా యుద్ధఖైదీలు నడిచొచ్చిన చెక్క వంతెన. మాది ఇండియా అని తెలిశాక గైడు ఒక సంగతి చెప్పింది. స్వదేశం వెళ్ళం అని మొరాయించిన 22 వేల పైచిలుకు ఖైదీలకు అప్పట్లో కాపలా కాసింది మన సైన్యమేనట. జనరల్ తిమ్మయ్య పేరు ఆమె నోట విని అత్తయ్య నిటారుగా కూర్చున్నారు.

దక్షిణం మీద దాడికని ఉత్తర కొరియా రహస్యంగా తవ్విన మూడో సొరంగం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వద్దు. 1978లో బయటపడింది, భూమికి 73 మీటర్ల లోతున. దిగడం బాగానే ఉంటుంది, ఆ 358 మీటర్ల ఏటవాలు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. లోపల నల్లగా మసి పూసిన గోడలు. ఇది బొగ్గు గని అని ఉత్తరం వాళ్ళు దబాయించారట. మావారి హెల్మెట్ పైకప్పుకి నాలుగుసార్లు కొట్టుకుంది, నేను లెక్కపెట్టాను. అత్తయ్య పైనే కూర్చున్నారు.

డోరాలో ఆ 25 నిమిషాలూ నేను దుర్భిణీ వదల్లేదు. ఎదురుగా ఉత్తర కొరియా ఊరు కిజోంగ్‌దోంగ్, 160 మీటర్ల స్తంభం మీద వాళ్ళ జెండా. అవతల కేసోంగ్ పట్టణం. 2016లో మూతపడిన ఉమ్మడి పారిశ్రామికవాడ అటే, 2020లో ఉత్తరం వాళ్ళు పేల్చేసిన ఉమ్మడి కార్యాలయం ఉన్నదీ అటే. కిమ్ 2023 చివర్లో ఇక ఏకీకరణ లేదు, మనవి రెండు శత్రుదేశాలు అనేశాడు. మరుసటి ఏడాది జనవరిలో ప్యోంగ్యాంగ్‌లోని ఏకీకరణ తోరణం కూల్చారు. అదే ఏడు అక్టోబరులో దక్షిణానికి వచ్చే రోడ్లు పేల్చారు. ఈ మధ్యలో అటునుంచి చెత్త బెలూన్లు, ఇటునుంచి మైకుల్లో ప్రచారం, దానికి జవాబుగా అటునుంచి తోడేళ్ళ అరుపులు, ఇనుము గీకిన చప్పుళ్ళు. 2025 జూన్‌లో లీ జే మ్యుంగ్ దక్షిణ కొరియా అధ్యక్షుడిగా గద్దెనెక్కిన వారానికే మైకులు ఆపించాడు, మర్నాటికి అటువైపూ ఆగాయి. "పోయినేడు వచ్చుంటే చెవులు మూసుకునేవాళ్ళు" అంది గైడు. మేం వెళ్ళిన రోజు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇక భోజనం. శాకాహారి అత్తయ్యతో కొరియా అంటే రోజూ టెన్షనే, నాలుగు రోజులూ అరటిపళ్ళు, పెరుగే. టోంగిల్‌చోన్ అనే ఊళ్ళో బస్సాపారు. పౌరులను ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వని గీత లోపలి ఊరది, పేరుకి అర్థం ఏకీకరణ గ్రామం. అవతలివాళ్ళు ఆ మాటే వద్దన్నారు, వీళ్ళు బోర్డు మార్చలేదు. అక్కడి చాంగ్‌దాన్ సోయా గింజలకు పేరు. ఆ గింజల టోఫు పెద్ద ముక్కలుగా పెనం మీద కాల్చి, అన్నం, మూడు రకాల ఆకుకూరలు పెట్టారు. 13,000 వాన్లు. చేపల సాస్ వద్దని గైడు వంటింట్లోకి వెళ్ళి మరీ చెప్పింది. అత్తయ్య రెండోసారి అన్నం అడిగారు. వచ్చేటప్పుడు అరకిలో గింజలు కొన్నారు, గారెలకి పనికొస్తాయేమోనని.

ఆ తర్వాతే జిన్‌సెంగ్ కొట్టు. తలుపు దగ్గర ఇద్దరు నిలబడి చిన్న కప్పుల్లో కషాయం తాగించి, 240,000 వాన్ల డబ్బా చేతిలో పెట్టారు. కొనం అంటే మొహాలు మాడ్చారు. గైడు మా వంక చూడకుండా ఫోన్ చూసుకుంటూ నిలబడింది. ఆమె మీద కోపం రాలేదు.

టూరు కంపెనీకి రెండు మెయిళ్ళు రాశాను. వచ్చిన జవాబు ఒకటే, "పరిస్థితులను బట్టి".

మీరు వెళ్తే ఇలా టూరు కట్టకండి. మున్సాన్ దాకా లోకల్ రైలు, అక్కణ్ణుంచి టాక్సీలో ఇమ్‌జింగాక్. కౌంటర్లో సొరంగానికి, డోరాకి టికెట్లమ్ముతారు, మేం కట్టినదాంట్లో పావు వంతు కూడా అవదు. పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఉండాలి. పొద్దున్నే వెళ్ళండి, టికెట్లు అయిపోతాయి. సోమవారం మూసేస్తారు.